బండి ఎయిర్ ఫిల్టర్ తీసి బయటి కంపెనీది పెట్టుకోవాలంటే: చాందా, గడ్చిరోలి దిక్కు బండ్లోళ్లు అడిగే ప్రశ్నలు

మహారాష్ట్రల చాందా (చంద్రపూర్), గడ్చిరోలి జిల్లాల బల్లార్షా, రాజురా, గడ్చాందూర్, ఘుగ్గుస్, ఇటు అహేరి, ఆలాపల్లి, సిరొంచ, ఈ పట్టీల బండి నడిపేటోళ్లు స్పేర్ పార్ట్స్ కౌంటర్ కాడ నిలబడి రోజూ అడిగే ప్రశ్నలన్నీ ఒక్క కాడ రాస్తున్న. నెట్‌ల వీడియోలు చూసి చాలామంది పోరగాళ్లు ఫిల్టర్ కొనడానికి వస్తరు గని ఆ వీడియోలు తీసినోళ్లు సాఫ్ రోడ్ల మీద నడిపేటోళ్లు, మన దగ్గర బొగ్గు లారీ వెనక, ఖనిజం ట్రక్కు వెనక పది కిలోమీటర్లు పోవుడంటే ఏందో వాళ్లకు ఎరుక లేదు. అందుకే మన రోడ్లను పట్టుకొనే జవాబు చెప్తున్న, జర నిమ్మళంగ చదువుండ్రి.

అన్నా, ఆఫ్టర్‌మార్కెట్ ఫిల్టర్ అంటే అసలు ఏంది?

బండి తయారుచేసిన కంపెనీ కాకుండ వేరే కంపెనీ తయారుచేసి అమ్మేది ఏదైనా ఆఫ్టర్‌మార్కెట్టే. ఇండ్ల రెండు జాతులున్నయి, ఈ రెండు కలిపి మాట్లాడబట్టే సగం గందరగోళం. ఒకటి, కంపెనీ ఎలిమెంట్ (డబ్బా లోపల పెట్టే ఫిల్టర్ ముక్క) లెక్కనే ఉండే పేపర్ ఫిల్టర్, ఊనో మిండా, ఎలోఫిక్ అసొంటి మన దేశం కంపెనీలు చేస్తయి, ధర తక్కువ, పని అదే. ఇంకోటి, ఎక్కువ గాలి పోనిస్తం, కడిగి మల్ల మల్ల వాడుకోవచ్చు అని చెప్పి అమ్మేవి: నూనె పట్టించిన కాటన్ గుడ్డ మడతలవి, లేకుంటే నూనె పట్టించిన స్పంజివి. కాటన్ల అందరికి తెలిసింది కే అండ్ ఎన్, 1969ల అమెరికాల కాలిఫోర్నియాల ఇద్దరు రేసు బండ్ల పిచ్చోళ్లు మొదలువెట్టిన కంపెనీ. ఇటలీది బీఎంసీ ఉంది, గ్రీస్‌ది డీఎన్ఏ ఉంది. ఇవి వందల రూపాయలల్ల రావు, వేలల్ల వస్తయి.

ఇగ మూడో ముచ్చట కోన్ ఫిల్టర్, ఫిల్టర్ ఉండే డబ్బా మొత్తం పీకేసి కార్బరేటర్ (గాలి, పెట్రోలు కలిపేది) మూతికి నేరుగ తగిలించేది. అది వేరే కథ, కింద చెప్తున్న.

కంపెనీది మంచిగనే నడుస్తుంటే మార్చుడు అవసరమా?

అవసరం లేదు. చాలామందికి నేను ఇదే చెప్త, చెప్పంగనే మొఖం చిన్నగ చేసుకుంటరు గని నిజం చెప్పకుంట సామాను అమ్ముడు నాతోని కాదు. ఇంటి నుంచి బొగ్గు గని కాడికి డ్యూటీకి పొయ్యి వచ్చే స్ప్లెండర్, షైన్, ప్లాటినా బండికి కంపెనీ అసలు ఎలిమెంట్ టైముకు మారుస్తే దానికి మించింది లేదు.

మార్చాలనిపించడానికి సరైన కారణాలు కొన్నున్నయి: మీ మోడల్‌కు కంపెనీ ఎలిమెంట్ దొరకడం కష్టమైతున్నది, పాత బండి, ప్రతిసారి నాగపూర్ నుంచి తెప్పించాల్సి వస్తున్నది. లేకుంటే సైలెన్సర్, ట్యూనింగ్ అన్నీ చేయించిన 350, 390 అసొంటి పెద్ద బండి ఉన్నది, అప్పుడు గాలి ఎక్కువ కావాల్సిందే. లేకుంటే ఏడాదికి మస్తు కిలోమీటర్లు తిరుగుతరు, మాటమాటికి ఎలిమెంట్ కొనే బదులు కడిగి వాడుకుందామని లెక్క వేసుకున్నరు. ఇయ్యి అర్థమున్న కారణాలు. "దోస్తు పెట్టిండు" అనేది కారణం కాదు.

పికప్ పెరుగుతదా లేదా, సూటిగ చెప్పు అన్నా.

100, 125, 150 సీసీ బండి, వేరే ఏం మార్చలేదు, డబ్బాల ఉన్న ఫిల్టర్ ఒక్కటే మార్చిండ్రు అంటే, మీకు తెలిసేంత పెరగది.

ఎందుకో చెప్త. గంటకు 45, 50ల పోయేటప్పుడు మీరు రేసు (ఎక్సలేటర్) పావు వంతు తిప్పి ఉంటరు, అంటే గాలి పొయ్యే తొవ్వల థ్రాటిల్ తలుపే ముప్పావు మూసి ఉన్నది, గాలిని ఆపుతున్నది అది, ఫిల్టర్ కాదు. ఫిల్టర్ ఎంత లూజుగ ఉన్నా ఆ తలుపు తెరిస్తెనే గాలి పోతది. ఫుల్ రేసు ఇచ్చి పై గేరుల పీకినప్పుడు మాత్రమే ఫిల్టర్ తేడా బయటికొస్తది, అది కూడ చిన్న ఇంజన్ల చాలా తక్కువ. స్ప్లెండర్ ఇంజన్ 97.2 సీసీ, నాలుగు స్ట్రోకుల ఇంజన్ కాబట్టి రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తది, 6000 ఆర్‌పీఎం కాడ గూడ నిమిషానికి ఎక్కువల ఎక్కువ 290 లీటర్ల గాలి. ఆ మాత్రం గాలి కంపెనీ పేపర్ ఫిల్టర్‌ల నుంచి అలకగ పోతది, కంపెనీ ఇంజనీర్లు ఆ లెక్క చూసే డబ్బా చేసిండ్రు.

మరి ఫిల్టర్ మార్చినంక బండి లేచిపోతున్నది అంటరు కదా? దానికి రెండు కారణాలు. పాతది బొగ్గు పట్టి మూసుకపోయి ఉంటది, ఏ కొత్త ఫిల్టర్ పెట్టినా, కంపెనీది పెట్టినా సరే, తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తది. రెండోది సౌండు. గాలి పీల్చే సౌండు పెద్దగైతది, చెవులకు గట్టిగ వినబడితే బండి గట్టిగ పోతున్నట్టు మనసుకు అనిపిస్తది.

మైలేజి సంగతి?

ఇండ్ల గూడ ఆశ పెట్టుకోవద్దు. 2009ల అమెరికాల ఓక్ రిడ్జ్ నేషనల్ ల్యాబొరేటరీ అనే సర్కారు ల్యాబు కార్ల మీద పరీక్ష చేసింది, కొత్త ఫ్యూయల్ ఇంజెక్షన్ (కంప్యూటర్ కొలిచి పెట్రోలు కొట్టే) కార్లల్ల ఫిల్టర్ మూసుకపోయినా మైలేజి పెద్దగ పడిపోలేదు, కంప్యూటర్ గాలిని బట్టి పెట్రోలు తగ్గించుకుంటది, పడిపోయింది పికప్ మాత్రమే. పాత కార్బరేటర్ కారుల మాత్రం మైలేజి మీద గూడ దెబ్బ కనబడ్డది. అది కార్ల ముచ్చటే గని లెక్క బండ్లకు గూడ దాదాపు అదే. మీది 2020కి ముందటి కార్బరేటర్ బండి అయ్యి ఫిల్టర్ నల్లగ పట్టుకపోయి ఉంటే, సాఫ్‌ది పెడితే మైలేజి వాపసు వస్తది. సాఫ్ ఫిల్టర్ తీసి ఖరీదైన సాఫ్ ఫిల్టర్ పెడితే పెరిగేదేం లేదు.

దుమ్ము కొద్దిగ లోపలికి పోతే ఏమైతది? ఇంత చిన్న దానికి ఇంత భయమా?

ఇదే అసలు ప్రశ్న, కొంచెం పొడుగు జవాబు ఇస్త.

ఒక లీటర్ పెట్రోలు కాలాలంటే 8 నుంచి 9 వేల లీటర్ల గాలి కావాలె. పది లీటర్ల టాంకి ఒకసారి నింపితే దగ్గర దగ్గర 80, 90 వేల లీటర్ల గాలి ఆ డబ్బా నుంచి లోపలికి పోతది. ఆ గాలిల ఉన్న దుమ్మును ఆపేది ఆ మడతల ముక్క ఒక్కటే, ఇంకేం లేదు మధ్యల. దాటిందంటే సీదా సిలిండర్‌లకే.

మట్టి దుమ్ముల ఎక్కువ ఉండేది ఇసుక రేణువు, అంటే సిలికా. అది ఇంజన్ బోరు ఇనుము కంటే గట్టిది. పిస్టన్ రింగుకు, బోరు గోడకు మధ్యల ఆయిల్ పొర చాలా సన్నగ ఉంటది, కండ్లకు కనబడని రేణువులే అండ్ల ఇరికి రుద్దుతయి. తల వెంట్రుక మందం 70 మైక్రాన్లు అనుకుంటే, 5 నుంచి 20 మైక్రాన్ల దుమ్ము ఎక్కువ అరగదీస్తది. అంటే ఫిల్టర్‌ను ఎండకు పట్టి చూసి "బొక్కలేం లేవు" అంటే సరిపోదు. రింగులు అరిగినంక మొదట ఆయిల్ తగ్గుతది, పొద్దుగాల స్టార్ట్ చేస్తే నీలం పొగ వస్తది, కిక్కు లూజైతది, ఆఖరికి బోరు చేయించుడు, పిస్టన్ కిట్టు. ఫిల్టర్ మీద రెండు మూడు వందలు మిగిలించి ఇంజన్ పని మీద వేలకు వేలు పెట్టేటోళ్లను చూస్తే పానం గుంజుతది, ఎందుకంటే బండి మీదనే వాళ్ల డ్యూటీ, పిల్లల బడి, దవాఖాన అన్నీ.

ఇంకో లెక్క చూడుండ్రి. ఫిల్టర్లకు ఐఎస్ఓ 5011 అనే పరీక్ష పద్ధతి ఉన్నది, ఇన్ని గ్రాముల దుమ్ము పోస్తే ఎంత ఆపింది అని కొలుస్తరు. ఒక ఫిల్టర్ 99 శాతం ఆపుతది, ఇంకోటి 97 శాతం ఆపుతది అనుకుందాం. వినడానికి తేడా రెండే. కని మొదటిది 1 శాతం లోపలికి పోనిస్తది, రెండోది 3 శాతం, అంటే ఇంజన్ తినే దుమ్ము మూడింతలు. నాగపూర్ సిటీల కారు నడిపేటోనికి ఆ మూడింతలు గూడ చిన్నదే. సాస్తి బొగ్గు గని రోడ్డు మీద పోయేటోనికి చిన్నది కాదు. అందుకే కొనేటప్పుడు "గాలి ఎంత పోతది" అని కాదు, "దుమ్ము ఎంత ఆపుతది" అని అడగాలె. ఆ నంబర్ అట్టపెట్టె మీదనో వెబ్‌సైట్‌లనో చెప్పని కంపెనీ ఫిల్టర్ నేనైతే పెట్టుకోను.

అన్ని దుమ్ములు ఒక్కటేనా? మా దిక్కు బొగ్గు, వాళ్ల దిక్కు సిమెంటు.

ఒక్కటి కాదు. బొగ్గు మెత్తది, ఇసుక లెక్క గీరది, కని చాలా సన్నగ ఉంటది కావట్టి ఫిల్టర్ మడతలను తొందరగ మూసేస్తది, బొగ్గుల కలిసిన మట్టి, రాయి పొడి మాత్రం గీరేదే. దుర్గాపూర్ కరెంటు కార్ఖానా దిక్కు పోయే బూడిద ఇంకా సన్నం, అది చూడ్డానికి మెత్తగుంటది గని అండ్ల ఎక్కువ సిలికా, అల్యూమినాలే. గడ్చాందూర్, ఆవార్‌పూర్ దిక్కు సిమెంటు పొడికి వానకాలం తేమ తగిలితే మడతల మీద గడ్డకట్టి దులిపినా రాదు, అట్లయిన పేపర్ ఎలిమెంట్ పడెయ్యుడే. ఏటపల్లి, సూర్జాగఢ్ నుంచి ఖనిజం ట్రక్కులు తిరిగే ఆలాపల్లి, ఆష్టి రోడ్ల మీద ఎర్ర దుమ్ము, అది ఇనుప ఖనిజం, బొగ్గు కంటే మస్తు గట్టిది. ఇగ పత్తి సీజన్ల రాజురా, వణీ దిక్కు జిన్నింగుల కాడ తిరిగేటోళ్ల ఫిల్టర్ మీద పత్తి నూగు దుప్పటి కప్పినట్టు పేరుకుంటది, అది మాత్రం చేతితోని తీస్తే వస్తది, పెద్ద నష్టం లేదు.

ఇవన్నీ ఎందుకు చెప్తున్ననంటే, ఎర్ర దుమ్ము, బూడిద రోడ్డోళ్లు దుమ్ము ఆపే గుణం మీద రాజీ పడొద్దు. బొగ్గు రోడ్డోళ్లు తొందర తొందరగ మార్చుడు మీద రాజీ పడొద్దు.

మరి ఎన్ని కిలోమీటర్లకు మార్చాలె?

బుక్కుల చూడుండ్రి, హీరో, హోండా బండ్లల్ల చాలావాటికి 15, 16 వేల కిలోమీటర్లకని ఉంటది, కని అదే బుక్కుల కింద దుమ్ము రోడ్ల మీద నడిపితే ముందుగాల మార్చుండ్రి అని గూడ రాసి ఉంటది, ఆ లైను ఎవ్వరు చదవరు. మనది మొత్తం ఆ లైను కిందికే వస్తది. రోజు బొగ్గు గని రోడ్డు మీద పోయేటోళ్లు బుక్కుల ఉన్నదాంట్ల సగానికే మార్చుకోవాలె అని నా మాట, ఎండకాలం అయినంక వానలు మొదలు కాకముందు ఒకసారి డబ్బా తెరిచి చూసుడు గూడ మంచిది.

కడిగి వాడే కాటన్ ఫిల్టర్ జిందగీ మొత్తం వస్తదంట, నిజమేనా?

వస్తది, మీరు దాని సేవ మంచిగ చేస్తే. చెయ్యకుంటే పేపర్ కంటే ఘోరం. దాంట్ల దుమ్మును పట్టేది కాటన్ పోగుల మీద ఉన్న జిగట నూనె, నూనె ఎండిపోతే మిగిలేది పల్చటి గుడ్డ, ఇనుప జాలి. నూనె లేని కాటన్ ఫిల్టర్‌తోని ఎండకాలం ఖనిజం రోడ్డు మీద తిరిగిండ్రంటే ఇంజన్‌ను మీ చేతులతోనే గీరుకున్నట్టు.

కడిగే పద్ధతి చెప్త, తొందరపడొద్దు. దానికొరకు అమ్మే క్లీనర్ రెండు దిక్కుల కొట్టి పది నిమిషాలలోపు ఉంచాలె, ఆరిపోనియ్యొద్దు. తర్వాత నల్లా నీళ్లు సన్నగ వదిలి లోపలి దిక్కు నుంచి బయటి దిక్కుకు కడగాలె, అంటే ఇంజన్ వైపు ఉండే సాఫ్ మొఖం నుంచి, అప్పుడు దుమ్ము వచ్చిన తొవ్వలనే వాపసు పోతది, ఉల్టా కడిగితే లోపలికి దిగుతది. పెట్రోలుతోని, కిరోసిన్‌తోని కడగొద్దు, అంచు రబ్బరు పాడైతది. వాటర్ సర్వీసింగ్ ప్రెషర్ గన్ను అస్సలే పెట్టొద్దు. నీడకు ఆరబెట్టాలె, ఎండకాలమైతే మన దగ్గర తొందరగనే ఆరుతది, వానకాలం ఒక రాత్రంత పడుతది. కంప్రెషర్ గాలి కొట్టొద్దు, పోగులు విడిపోతయి. మొత్తం ఆరినంకనే ఒక్కొక్క మడత వెంట ఫిల్టర్ ఆయిల్ సన్నగ పొయ్యాలె, ఇరవై నిమిషాలు ఆగి చూస్తే రంగు అంతట పాకుతది, తెల్లగ మిగిలిన కాడ ఇంకో చుక్క. కారేటట్టు పొయ్యొద్దు, ఎక్కువైన నూనె థ్రాటిల్ బాడీల, గాలి వేడి కొలిచే సెన్సర్ మీద పడుతది.

ఇంజన్ ఆయిల్ పోస్తే నడుస్తదా అని అడుగుతరు. నడవది. అది కిందికి జారిపోతది, మీది మడతలు ఎండిపోతయి.

కడిగినప్పుడు ఒక రోజు బండి ఆగుతది అన్న సంగతి గూడ లెక్కల పెట్టుకోండ్రి. డ్యూటీకి బండి తప్ప వేరే దిక్కు లేనోళ్లకు అదే పెద్ద ఇబ్బంది.

పేపర్ ఫిల్టర్‌ను కంప్రెషర్ గాలితోని దులిపి మల్ల పెట్టొచ్చా?

ముందుగాల అది ఏ పేపరో చూడాలె. పొడి పేపర్ అయితే, లోపలి దిక్కు నుంచి, దూరం నుంచి, తక్కువ గాలితోని ఒకటి రెండుసార్లు దులపొచ్చు, తర్వాత లోపల టార్చి పెట్టి చూడాలె, ఎక్కడన్న సూది మొన అంత వెలుగు సూటిగ వచ్చిందంటే పడెయ్యాలె. మెకానిక్ షాపుల గన్ను దగ్గర పెట్టి బుస్సుమని కొడతరు, పేపర్ చినిగింది కంటికి కనబడది, వద్దని గట్టిగ చెప్పుండ్రి, మీ బండి మీ పైసలు.

ఇప్పటి స్ప్లెండర్, షైన్, యాక్టివాలల్ల వచ్చేది నూనె పట్టించిన పేపర్, చేతికి జిడ్డు తగులుతది. దానికి గాలి కొట్టుడు లేదు, కడుగుడు లేదు, మార్చుడే. గాలి కొడితే ఆ జిడ్డు పోతది, జిడ్డు పోతే దుమ్ము ఆగది.

మా నాయన పాత బండికి స్పంజి ఉన్నది, దాన్ని ఏం చెయ్యాలె?

మంచి సామానది, పడెయ్యకుండ్రి. సబ్బు నీళ్లల్ల కాని, స్పంజి ఫిల్టర్ క్లీనర్‌తోని కాని మెల్లగ పిసికి కడగాలె, పిండాలె గని మెలిపెట్టొద్దు, చినుగుతది. మొత్తం ఆరినంక 80-90 గేర్ ఆయిల్ పట్టించి రెండు అరచేతుల మధ్య పెట్టి ఎక్కువైంది పిండెయ్యాలె. పెట్రోలుల ముంచితే స్పంజి ఉబ్బి అతుకులు ఊడతయి, నిప్పు భయం గూడ. స్పంజి పొడి పొడిగ రాలుతున్నది, వేలు పెడితే ముక్కలైతున్నదంటే ఒక్క రోజు గూడ నడపొద్దు, ఆ ముక్కలు పోయేది కార్బరేటర్‌లకే. బజార్ల దిండు స్పంజి కోసి పెట్టేటోళ్లున్నరు, ఆ స్పంజి బొక్కల సైజు వేరే, ఫిల్టర్ పనికి రాదు.

కోన్ ఫిల్టర్ పెడదామనుకుంటున్న.

మన రోడ్ల మీద తిరిగే బండికి వద్దు తమ్మీ. ఇంత గట్టిగ ఎందుకు చెప్తున్న అంటే:

డబ్బా అంటే ఉత్త ప్లాస్టిక్ కాదు, దాని లోపలి జాగ, గాలి వచ్చే గొట్టం పొడుగు లెక్కపెట్టి చేసిండ్రు, కింది ఆర్‌పీఎంల ఇంజన్ గాలి సాఫుగ పీల్చుకునేది దాని వల్లనే. పీకేస్తే సిటీల, గేరు తక్కువల బండి తడబడుతది. డబ్బా బయటి చల్ల గాలి తీసుకుంటది, కోన్ ఇంజన్ పక్కన వేలాడి ఇంజన్ వేడి గాలి పీలుస్తది. చాందాల ఎండకాలం 47 దాకా పోతది, నీడ గాలి 45 డిగ్రీలుండి ఇంజన్ పక్క గాలి 70 డిగ్రీలుంటే అండ్ల గాలి దాదాపు 7 శాతం తక్కువ. పవర్ కొరకు పెట్టి పవర్ పోగొట్టుకునుడే. ముందు టైరు ఎగిరేసే బురద, వాన నీళ్లు నేరుగ దాని మీదనే పడతయి. ఇంజన్ క్రాంక్ కేసు నుంచి ఆవిరి వచ్చే పైపు డబ్బాకు ఉంటది, డబ్బా పీకినంక చాలామంది దాన్ని ఉత్తగ గాలికి వదిలేస్తరు, ఆ మూతి నుంచి దుమ్ము ఇంజన్ ఆయిల్‌లకే పోతది. ఇగ బజార్ల అగ్గువకు దొరికే కోన్ల జాలిల నుంచి చూస్తే అవుతలి దిక్కు కనబడుతది, అసొంటిది దుమ్మును ఏం ఆపుతది.

డబ్బా మూతకు బొక్కలు కొడితే?

అదే నష్టం, ఇంకొంచెం నీళ్లు. బొక్క సాఫ్ దిక్కు పడ్డదంటే ఫిల్టర్ లేనట్టే. కొట్టొద్దు.

కాటన్ ఫిల్టర్ పెడితే కార్బరేటర్ జెట్టు (పెట్రోలు వచ్చే సన్న బొక్క ముక్క) మార్చాల్నా?

2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మిన బీఎస్ సిక్స్ (కొత్త పొగ నిబంధనల) బండ్లకు దాదాపు అన్నిటికి ఫ్యూయల్ ఇంజెక్షన్, సైలెన్సర్ల ఆక్సిజన్ సెన్సర్ ఉంటది, డబ్బాలనే కూసునే కాటన్ ఫిల్టర్ పెడితే ఆ మాత్రం తేడా కంప్యూటర్ సర్దుకుంటది. కార్బరేటర్ బండికి సర్దుకునే తెలివి లేదు. గాలి పెరిగి పెట్రోలు అంతే ఉంటే మిక్చర్ పల్చనైతది. గుర్తులు చెప్త: రేసు వదిలినప్పుడు సైలెన్సర్ల టప్ టప్ అని కొడుతది, ఇంజన్ మామూలు కంటే ఎక్కువ వేడెక్కుతది, ప్లగ్గు తీసి చూస్తే మొన ఇటుక రంగు కాకుండ తెల్లగ సున్నం కొట్టినట్టు ఉంటది. అట్లుంటే మెయిన్ జెట్టు ఒక సైజు పెంచుడో, పైలట్ స్క్రూ సర్దుడో తెలిసిన మెకానిక్‌తోని చేయించాలె. ఎండకాలం పల్చటి మిక్చర్‌తోని బల్లార్షా నుంచి నాగపూర్ దాకా హైవే మీద తొక్కుడు పిస్టన్‌కు మంచిది కాదు.

నేనే ఫిట్ చేసుకోవచ్చా?

బేషుగ్గ చేసుకోవచ్చు. పక్క కవర్ తీస్తరు, డబ్బా మూత స్క్రూలు విప్పుతరు, ఎలిమెంట్ బయటికొస్తది, అంతే. కొన్ని బండ్లకు సీటు, టాంకి గూడ తియ్యాల్సి ఉంటది. కని జాగ్రత్త పడాల్సింది తీసుడు కాడ కాదు, పెట్టుడు కాడ.

మూత తెరవకముందు డబ్బా మీది దుమ్ము తడి గుడ్డతోని తుడవాలె, లేకుంటే తెరవంగనే అది లోపలనే పడుతది. ఎలిమెంట్ తీసినంక ఇంజన్ దిక్కు పోయే మూతికి సాఫ్ గుడ్డ అడ్డం పెట్టి డబ్బా లోపల తుడుచుకోండ్రి, గుడ్డ తియ్యడం మర్చిపోవద్దు. కొత్త ఎలిమెంట్ అంచు రబ్బరు చుట్టూర సమానంగ కూసున్నదా వేలు తిప్పి చూడాలె, నా అనుభవంల బయటి కంపెనీ ఫిల్టర్లకు ఎక్కువ తిప్పలు ఈడనే వస్తది, ఒక మిల్లీమీటర్ ఎగుడు దిగుడు ఉన్నా గాలి ఫిల్టర్ల నుంచి పోకుండ ఆ సందుల నుంచే పోతది, ఎంత పెద్ద పేరున్న ఫిల్టరైనా అప్పుడు దండగ. అంచుకు సన్నగ గ్రీజు రాస్తే మంచిగ అతుకుతది. మూత స్క్రూలు ఒకదాని ఎదురుంగ ఒకటి కొంచెం కొంచెం బిగించాలె, ప్లాస్టిక్ కావట్టి అతిగ బిగిస్తే పగులుతది. డబ్బా నుంచి కార్బరేటర్‌కు పోయే రబ్బరు గొట్టం పగుళ్లు, క్లిప్పు లూజు గూడ అప్పుడే చూసుకోవాలె.

ఇగ అన్నిటి కంటే పనికొచ్చే పరీక్ష: వెయ్యి కిలోమీటర్లు తిరిగినంక ఎలిమెంట్ తీసి, దాని వెనక సాఫ్ దిక్కు ఉన్న గొట్టం లోపల తెల్ల గుడ్డతోని తుడవుండ్రి. గుడ్డ తెల్లగుంటే ఫిల్టర్, అంచు రెండు మంచిగున్నయి. గుడ్డకు ఎర్రగనో బూడిదగనో సన్న పొడి అంటిందంటే దుమ్ము దాటుతున్నది, ఆ ఫిల్టర్ తీసేసి కంపెనీది పెట్టుండ్రి, ఎంత ధర పెట్టి కొన్నా సరే. ఏ రివ్యూ చెప్పని నిజం ఆ గుడ్డ చెప్తది.

నకిలీది ఎట్ల గుర్తుపట్టాలె?

మన దిక్కు సామాను నాగపూర్ నుంచి, మంచిర్యాల, కాగజ్‌నగర్ నుంచి చేతులు మారి వస్తది, నకిలీ కలుస్తది. అసలు దాని పక్కన పెట్టి చూస్తే తెలుస్తది: అంచు రబ్బరు గట్టిగ చెక్క లెక్క ఉంటది, మడతలు ఎడం ఎడంగ, లెక్కకు తక్కువ ఉంటయి, గమ్ము ఒలికి ఉంటది, ధర లేబుల్ అచ్చు మసకగ ఉంటది. పాత ఎలిమెంట్ వెంట తీస్కపోయి సరిచూసుకొని కొనుండ్రి. బిల్లు అడగాలె, బిల్లు ఇయ్యను అన్నకాడ కొనొద్దు.

వారంటీ పోతదా? పోలీసోళ్లు పట్టుకుంటరా?

వారంటీల ఉన్న బండికి బయటి ఫిల్టర్ పెడితే, రేపు ఇంజన్ల తిప్పలొస్తే ఫిల్టర్ వల్లనే అని కంపెనీ క్లెయిమ్ ఇయ్యనంటానికి సందు దొరుకుతది. వారంటీ అయిపోయేదాక ఆగుడే నయం.

డబ్బాలనే కూసునే ఫిల్టర్ మారిస్తే ఆర్‌సీల ఉన్నదేది మారది, రోడ్డు మీద ఎవరు పట్టుకోరు. పొగ, సౌండు హద్దు దాటితే మాత్రం మోటారు వాహనాల చట్టం 1988ల సెక్షన్ 190 ఉన్నది, 2019ల సవరించినంక మొదటిసారికే 10 వేల దాకా జరిమానా. కోన్ ఫిల్టర్, ఖాళీ సైలెన్సర్ కలిపి పెట్టుకున్నోళ్లు దానికి దొరుకుతరు. ఎంహెచ్ 34 (చాందా) బండైనా, ఎంహెచ్ 33 (గడ్చిరోలి) బండైనా, నది దాటి తెలంగాణల తిరిగినా చట్టం ఒక్కటే. పీయూసీ (పొగ సర్టిఫికెట్) మాత్రం టైముకు తీసుకోండ్రి.

వానల తడిస్తే?

డబ్బా సక్కగుంటే మామూలు వానకు ఏం కాదు. డబ్బా కింద చిన్న గొట్టం, దానికి మూత ఉంటది, నీళ్లు, ఆయిల్ దిగేది అండ్లకే, వానకాలం అప్పుడప్పుడు ఆ మూత తీసి నీళ్లు వంచెయ్యాలె. 2022 జులైల గోదావరి, ప్రాణహిత పొంగి సిరొంచ తాలూకల ఊర్లు మునిగినప్పటి లెక్క, బండి నీళ్లల్ల మునిగిందనుకోండ్రి, సెల్ఫ్ కొట్టొద్దు, కిక్కు కొట్టొద్దు. డబ్బా తెరవాలె, నీళ్లు పారబొయ్యాలె, పేపర్ ఎలిమెంట్ తడిస్తే ఉబ్బి గాలి ఆపేస్తది, ఎండబెట్టినా పాత లెక్క కాదు, కొత్తది పెట్టాలె. కాటన్ దాన్ని కడిగి, ఆరబెట్టి, నూనె పోసి వాడొచ్చు, ఇండ్ల దానిదే పై చెయ్యి. ప్లగ్గు విప్పి, ఇంజన్ ఆయిల్ నీళ్లు కలిసి పాల రంగుకు తిరిగిందా చూసినంకనే స్టార్ట్ చెయ్యాలె.

స్కూటీకి గూడ ఇవే మాటలా?

ఇవే. స్కూటర్ డబ్బా వెనక టైరు పక్కన కిందికి ఉంటది, దుమ్ము ఇంకా ఎక్కువ తింటది, అందుకే ఇంకా తొందరగ చూసుకోవాలె. కొన్ని స్కూటర్లకు బెల్టు కేసుకు వేరే చిన్న స్పంజి ఉంటది, దాన్ని గూడ కడిగించుండ్రి. ఆడపిల్లలు కాలేజికి నడిపే బండ్లకు ఇంట్లోళ్లు సర్వీసింగే చేయించరు, జర పట్టించుకోండ్రి.

ఇంతకు నా బండికి ఏది పెట్టమంటవు?

గని, సిమెంటు, ఖనిజం రోడ్డు మీద రోజు డ్యూటీ బండి: కంపెనీ ఎలిమెంట్, లేకుంటే పేరున్న కంపెనీ పేపర్ ఎలిమెంట్, సగం కిలోమీటర్లకే మార్చుడు. ఊర్లె చేన్ల కాడికి, అడవి తొవ్వల తిరిగే పాత స్పంజి బండి: ఆ స్పంజినే, గేర్ ఆయిల్‌తోని. హైవే మీద లాంగ్ పొయ్యే పెద్ద బండి, కడిగే ఓపిక, జాగ ఉన్నోళ్లు: డబ్బాలనే కూసునే కాటన్ ఫిల్టర్ పెట్టుకోండ్రి, తెల్ల గుడ్డ పరీక్ష మాత్రం తప్పకుండ చెయ్యుండ్రి. కడిగే ఓపిక లేదు, ఎప్పుడో ఒకసారి చూద్దాంలే అనుకునేటోళ్లు ఎంత పెద్ద బండి ఉన్నా పేపర్ మీదనే ఉండుండ్రి.

తీసిన కంపెనీ ఫిల్టర్‌ను ఏం చెయ్యాలె?

మంచిగున్నదైతే కవర్ల చుట్టి, దుమ్ము, ఎలుకలు తగలని కాడ దాచిపెట్టుండ్రి. కాటన్‌ది కడిగి ఆరబెట్టిన రోజు అదే పెట్టుకొని డ్యూటీకి పోవచ్చు, బండి అమ్మేటప్పుడు వాపసు పెట్టి కాటన్‌ది మీరుంచుకోవచ్చు. పాడైపోయిందైతే కాలబెట్టకుండ్రి, రబ్బరు, ప్లాస్టిక్ పొగ ఇండ్ల నడుమ మంచిది కాదు, చెత్త బండిల వెయ్యుండ్రి.